కొస వదిలిన ముడి

పేరాల నేత వీధుల్లో పుట్టి నౌకాదళంలో చేరిన మొదటి ఆడపిల్ల నాగదుర్గ. ఈ ముక్క ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే పక్కనున్న ఈపురుపాలెం వాళ్లు అప్పుడే ఆ పిల్ల తమదని చెప్పుకోవడం మొదలుపెట్టారు. నాగదుర్గ మేనత్త ఇల్లు ఈపురుపాలెంలో ఉన్నమాట నిజమే. వేసవి సెలవుల్లో అక్కడ నాలుగు ముంజలు తిన్నమాటా నిజమే. అంతమాత్రాన నేవీలో వాటా అడగడం ధర్మం కాదు.

ఆ పిల్ల ఘనతలు ఒకటా రెండా! పదో తరగతిలో బడికి మొదటిది. కబడ్డీలో జిల్లా జట్టుకి ఆడింది, మోకాలి మీద మచ్చ ఇప్పటికీ సాక్ష్యం. బాపట్ల హాస్టల్లో ఉండి ఇంటర్ చదివే రోజుల్లో ఆదివారం వస్తే ఆటో ఎక్కి సూర్యలంక పోయి ఇసుకలో పరుగెత్తేది. తడి ఇసుక మీద ఎవరైనా పరుగెడతారు. ఈ పిల్ల కాళ్లు దిగబడే పొడి ఇసుకలో పరుగెత్తేది. వలలు బాగుచేసుకుంటున్న జాలర్లు చూసి, "ఎవరు తరుముతున్నారమ్మాయ్?" అని అడిగేవారు. "నన్నెవరూ తరమట్లేదు బాబాయ్, నేనే తరుముతున్నా" అనేది ఆగకుండా. పిట్ట కొంచెం, కూత ఘనం.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆ పిల్ల చేతివేళ్లు ఒక ఎత్తు.

నాగదుర్గ తాత వెంకటరత్నం గుంట మగ్గం మీద చీరలు నేస్తాడు. పేరాలలో గుంట మగ్గం దిగేవాళ్లు తగ్గిపోయారు, మిగిలినవాళ్లలో ఆయన చెయ్యి మొదటి చెయ్యి. మనవరాలు బళ్లో అక్షరాలు దిద్దకముందే ఆయన పక్కన కూర్చుని తెగిన పోగు అతకడం నేర్చింది. ఒక పోగుని మడిచి, రెండో పోగుని అందులోంచి తెచ్చి, వెనకనుంచి చుట్టి, దాని కిందే దూర్చి లాగడం. చెప్పడానికి ఇంత పట్టింది కానీ, మూడు వేళ్ల మధ్య రెప్పపాటు పని. తర్వాత కొసలు ముడి మొదలంటా కొరికేయాలి. పంటితో కొరుకుతావో, కత్తెరతో కోస్తావో నీ ఇష్టం. కొస మిగిలిందా, అది వెళ్లి మగ్గం అచ్చు పళ్ల సందుల్లో చిక్కుకుంటుంది, పక్కపోగుల్ని కూడా తెంపుతుంది.

"ముడి వెయ్యడం సగం పనే అమ్మా. కొస కొరకడం మిగతా సగం. ముడి ఉన్నట్టు మగ్గానికి కూడా తెలియకూడదు" అనేవాడు వెంకటరత్నం. నాగదుర్గ వేసిన ముడి ఎక్కడుందో కనిపెట్టమని కొట్టువాళ్లతో పందాలు కాసేవాడు. ఒక్కళ్లూ కనిపెట్టలేకపోయారు.

అలాంటి పిల్ల నేవీ పరీక్ష రాసి నెగ్గిందని తెలిసినప్పుడు ఆయన మొహం మాడ్చుకున్నాడు.

"తుపాకీ పట్టుకుంటావా?"

"పట్టుకుంటాను తాతయ్యా."

"చేతిపని వచ్చినదానివి. అక్కడ చేతిపని ఏముంటుందే?"

నాగదుర్గ బాగా ఆలోచించి, "తాళ్లు ఉంటాయి తాతయ్యా. ఓడ నిండా తాళ్లే" అంది.

ఆయన చేతిలోని పోగుని బొటనవేలితో నలిపి చూశాడు. "తాడంటే లావుపాటి పోగేగా" అన్నాడు చివరికి. లోపల వంటింట్లోంచి నాయనమ్మ శేషారత్నం, "ఒప్పుకున్నాడు, జాడీలో ఆవకాయ పెడుతున్నా" అని కేకేసింది.

చీరాల స్టేషన్లో రైలెక్కిన పిల్ల బాపట్ల దాటినా ఏడుస్తూనే ఉంది. తెనాలిలో ఆపేసింది. ఎందుకంటే తెనాలిలో ఎదుటి సీట్లోకి ఇంకో పిల్ల ఎక్కి, తనకంటే గట్టిగా ఏడవడం మొదలుపెట్టింది. ఆ పిల్ల పేరు ప్రియ. ఆమెదీ అదే శిక్షణ, అదే ఊరికి ప్రయాణం. చేతిలో బెల్లం జిలేబీ పొట్లం. ఇద్దరూ జిలేబీ ఆవకాయ కలిపి తిన్నారు. అలా తినకూడదని విజయవాడ వచ్చేసరికి ఇద్దరికీ తెలిసింది. ఆ కష్టంలో కుదిరిన స్నేహం ఇప్పటికీ తెగలేదు.

శిక్షణ ఒడిశాలో, చిలికా సరస్సు ఒడ్డున. అక్కడ తెల్లవారకముందే లేవాలి, పక్క దుప్పటి కూడా గీత గీసినట్టు ఉండాలి. ఆ దుప్పటి పరీక్షలో నాగదుర్గకి ఎదురు లేదు. బట్ట మడత గురించి పేరాల పిల్లకి వేరే ఊళ్లోవాళ్లు చెప్పాలా! ఈత పరీక్షకి మాత్రం భయపడింది. పైనుంచి నీళ్లలోకి దూకమంటే కళ్లు మూసుకుని, ముక్కు పట్టుకుని, "అమ్మోయ్" అని పెద్దగా అరిచి దూకింది. అరవకూడదని నియమం ఎక్కడా లేదు కాబట్టి నెగ్గింది. గురి చూసి కాల్చడంలో అయితే ఆడా మగా అందరిలోకీ పైవరసలో నిలబడింది. సన్నపోగులో సన్నపోగు చూసిన కళ్లు మరి.

తాళ్ల పాఠం చెప్పేది లాజరు. రేపల్లె దగ్గర నిజాంపట్నం మనిషి. తాత, తండ్రి పడవల మీద బతికినవాళ్లు. పాఠం ఎంత హిందీలో చెప్పినా, కోపం వస్తే మాత్రం రేపల్లె తెలుగులోకి దిగేవాడు. మిగతా రాష్ట్రాల పిల్లలకి తిట్లు అర్థమయ్యేవి కావు. నాగదుర్గకీ ప్రియకీ ఆ అదృష్టం లేదు.

ఒకరోజు సరస్సు గట్టున సన్నతాడుని లావుతాడుతో కలిపే ముడి చూపిస్తున్నాడు. లావుతాడు మడిచి, సన్నతాడు అందులోంచి తెచ్చి, వెనకనుంచి చుట్టి, దాని కిందే దూర్చి లాగాడు. నాగదుర్గకి నవ్వు ఆగలేదు.

"ఏంటమ్మా, కోతి ఆడుతోందా ఇక్కడ?"

"లేదు సార్. ఇది మా ఇంటి ముడి సార్."

"ఓహో. మీ ఇంటి ముడి మా నేవీ ఎత్తుకొచ్చిందా? అయితే వేసి చూపించు."

వేసింది. అక్కడున్నవాళ్లు ఎవరూ చూడలేదు, ఎందుకంటే చూసేలోపు అయిపోయింది. మళ్లీ వెయ్యమన్నాడు, మళ్లీ వేసింది. లాజరు తాడు లాగి చూశాడు, తల గోక్కున్నాడు.

"ఎవరి పిల్లవమ్మా నువ్వు?"

"పేరాల వెంకటరత్నం గారి మనవరాలిని సార్."

లాజరుకి పేరాల తెలుసు కానీ వెంకటరత్నం ఎవరో తెలియదు. అయినా ఆ పిల్ల చెప్పిన తీరుకి, తెలిసినట్టే తల ఊపాడు. "సరే, ఆ ముడితోనే పడవ కట్టు" అని, తను పడవలో ఎక్కి నిలబడి, తెడ్డు పట్టే పద్ధతి గురించి పాఠం ఎత్తుకున్నాడు. తెడ్లు మాత్రం ఇంకా గట్టునే ఉన్నాయి.

నాగదుర్గ పడవ కట్టింది. చూసుకుంది. ముడి పక్కన బెత్తెడు కొస వేలాడుతోంది. ఎంత అసహ్యంగా ఉంది! తాత చూస్తే ఏమంటాడు? పక్కన పాఠం కోసం పెట్టిన కత్తి ఉంది. ముడి మొదలంటా కొస కోసేసింది. ఇప్పుడు ముడి ఉన్నట్టు పడవకి కూడా తెలియదు.

అలవాటులో పొరపాటంటే ఇదే.

కాసేపటికి గాలి లేచింది. పడవ తాడుని లాగింది. ముడి బిగుసుకుంటూ బిగుసుకుంటూ ఉన్న కాస్త కొసనీ మింగి, నిశ్శబ్దంగా విడిపోయింది. లాజరు గట్టుకి వీపు పెట్టి, చేతులు తిప్పుతూ పాఠం చెబుతూనే ఉన్నాడు. పడవ వెళుతూనే ఉంది. పాఠం మధ్యలో మాట్లాడినవాళ్లకి ఆయన వేసే శిక్ష అందరికీ తెలుసు కాబట్టి ఒక్కళ్లూ నోరు విప్పలేదు. మాస్టారి గొంతు మాత్రం చిన్నదవుతోంది. చివరికి తెనాలి ప్రియ ధైర్యం చేసి చెయ్యెత్తింది.

"ఏంటి?" అన్నాడు లాజరు దూరంనుంచి, విసుగ్గా.

"సార్, మీరు వెళ్లిపోతున్నారు సార్!"

ఆయన్ని ఇంకో పడవ పోయి తీసుకొచ్చింది. గట్టెక్కాక ఎవరినీ ఏమీ అనలేదు. నేరుగా తాడు చేతికి తీసుకుని చూశాడు.

"కొస ఏది?"

"కోసేశాను సార్."

"ఎందుకమ్మా?"

"నీటుగా ఉంటుందని సార్."

తర్వాత వచ్చింది రేపల్లె తెలుగు. అది ఇక్కడ రాయతగ్గది కాదు. సారాంశం ఇది: తాడు ముడి బిగుసుకునేటప్పుడు కొసని తింటుంది. తినడానికి కొస వదలకపోతే ముడే పోతుంది. ఆ సాయంత్రం మోపెడు తాడు భుజాన వేసుకుని నాగదుర్గ మైదానం చుట్టూ పరుగెత్తింది. సూర్యలంక ఇసుక అప్పుడు పనికొచ్చింది. ఆనాటినుంచి లాజరు నోట ఆమె పేరు నాగదుర్గ కాదు, కత్తెర.

ఇంటికి ఫోన్ చేసినప్పుడు, "ముడి పాఠంలో నాదే మొదటిపేరు తాతయ్యా" అంది. అబద్ధం కాదు కదా.

శిక్షణ ముగిసి, కవాతులో మనవరాలు నడుస్తుంటే, వెంకటరత్నం ఫోనులో చూశాడు. అందరివీ ఒకే బట్టలు, ఒకే నడక. "అదిగో, ఆ మూడో వరసలోది మనదే" అన్నాడు. "కాదు, ఆ చివరిది" అంది శేషారత్నం. ఇద్దరూ చెరొక పిల్లని చూసి కళ్లు తుడుచుకున్నారు. అసలు నాగదుర్గ ఆ బొమ్మలో పడనే లేదని తర్వాత తెలిసింది.

ఆపైన పని నేర్పే శిక్షణ, ఆపైన విశాఖపట్నంలో ఓడ. ఓడ పేరు బయట చెప్పకూడదంటుంది నాగదుర్గ. చెప్పనక్కర్లేదు, పెద్ద ఓడ అంటే చాలు. ప్రియని కూడా అదే ఓడకి వేశారు. మొదటిసారి సముద్రంలోకి పోయినప్పుడు నాగదుర్గ వాంతి చేసుకోలేదని ఇక్కడ గొప్పలు చెప్పడం లేదు. చేసుకుంది. బకెట్టు పక్కన పెట్టుకుని మరీ డ్యూటీ చేసింది, డ్యూటీ మాత్రం మానలేదు. అదీ ఘనత.

అంతా కుదురుకుంది అనుకునేలోపు ఓడకి కొత్త పెద్ద వచ్చాడు. డెక్కు మీద తాళ్లూ లంగరూ చూసుకునే చీఫ్. మెట్లెక్కి వస్తున్న మనిషిని చూసి ప్రియ, "చచ్చామే" అంది. శని బదిలీ మీద వచ్చినట్టు వచ్చాడు లాజరు.

"ఏమ్మా కత్తెరా, బాగున్నావా?" అన్నాడు.

"బాగున్నాను సార్."

"బాగుండు. నా తాళ్ల జోలికి మాత్రం రాకు."

అన్నంత పనీ చేశాడు. నాగదుర్గ తుప్పు గీకింది, రంగులు వేసింది, డెక్కు కడిగింది, తాళ్లు చుట్టింది. తాళ్లు చుట్టడంలో ఆమె తర్వాతే ఎవరైనా, చిన్నప్పుడు నూలు కండెలు చుట్టిన చెయ్యి. కానీ ఓడ జెట్టీకి చేరేటప్పుడు ముందు డెక్కు మీద వేసే ఆ ఒక్క ముడి మాత్రం ఆమెకి అందలేదు. పని ఇలా ఉంటుంది: ఓడ మీదనుంచి ముందు సన్నతాడు విసురుతారు. దాని రెండో కొసకి ముంజేయంత లావు తాడు ముడివేసి ఉంటుంది. జెట్టీ మీదవాళ్లు సన్నతాడు పట్టి లాగితే లావుతాడు వస్తుంది, దాన్ని గుంజకి తగిలిస్తే ఓడ నిలుస్తుంది. ఆ రెంటినీ కలిపేది నాగదుర్గ ఇంటి ముడే. ఆమె అడిగినప్పుడల్లా లాజరు ఒకటే మాట: "ఒకసారి నన్ను చిలికాలో వదిలేశావు. ఇంతమందిని బంగాళాఖాతంలో వదిలేస్తావా?"

ఇక్కడ ఇలా ఉంటే, పేరాలలో వెంకటరత్నం ఊరుకున్నాడా? టీ కొట్టులో, చీరాల బస్సులో, బాపట్ల కంటి ఆసుపత్రి వరసలో, ఎక్కడ నలుగురు కనిపిస్తే అక్కడ చెప్పేవాడు. "ఓడ అంటే ఏంటనుకున్నారు? ఆగాలంటే కట్టాలి. కట్టేది మా దుర్గే. మా దుర్గ కట్టకపోతే ఓడ ఆగదు." ఫోనులో నాగదుర్గ ఆ మాట విని, "అంటే తాతయ్యా, తాళ్ల పనే..." అని నసిగేది. ఆయనకి ఆ 'పనే' ఒక్కటే వినిపించేది.

అలాంటి సమయంలో ఓడవాళ్లు కుటుంబాలని ఒక పూట సముద్రంలోకి తీసుకెళ్లే రోజు ప్రకటించారు. ఉదయం ఎక్కించుకుని, తిప్పి చూపించి, మధ్యాహ్నానికి జెట్టీకి చేరుస్తారు. నాగదుర్గ అమ్మా నాన్నా పెళ్లిళ్ల ఆర్డరు మగ్గాల మీద వదిలి రాలేకపోయారు. తాతా నాయనమ్మా మాత్రం ముందురోజే రైలు దిగారు. దిగుతూనే వెంకటరత్నం అన్నమాట, "నువ్వు ఓడ కట్టేది కళ్లారా చూసిపోతాను. ఊళ్లో చెప్పి వచ్చా."

నాగదుర్గ వాళ్లని బసలో దింపింది. నేరుగా పోయి లాజరు ముందు నిలబడింది.

"సార్, ఈ ఒక్కరోజు ఆ ముడి నాకివ్వండి సార్. మా తాతయ్య వచ్చాడు. ఊరంతా చెప్పేశాడు సార్."

"ఏమని?"

"నేను కట్టకపోతే ఓడ ఆగదని."

లాజరు చాలాసేపు నవ్వాడు. తర్వాత, "నీకు రేపు నిమ్మరసం డ్యూటీ" అన్నాడు.

మర్నాడు ఎండ బాగా కాసింది. నాగదుర్గ తెల్లబట్టల్లో నిమ్మరసం గ్లాసులు పంచింది. తాతకి గ్లాసు ఇచ్చినప్పుడల్లా ఆయన, "ఏదే నువ్వు కట్టే తాడు?" అనడం, ఆమె, "అదిగో తాతయ్యా, డాల్ఫిన్" అనడం. సముద్రంలో అన్ని డాల్ఫిన్లు ఆ రోజు తప్ప ఎప్పుడూ లేవు. శేషారత్నం అవేవీ పట్టించుకోలేదు. ఓడ వంటగదిలోకి తొంగిచూసి, అంత పెద్ద పప్పుగిన్నె తిరుపతిలో తప్ప ఎక్కడా చూడలేదని అక్కడి వంటవాళ్లతో చెబుతోంది.

నాలుగోసారి డాల్ఫిన్ అనేసరికి వెంకటరత్నం తనే లేచి ముందు డెక్కు మీదకి పోయాడు. అక్కడ తిరుగు ప్రయాణానికి తాళ్లన్నీ సిద్ధంగా పరిచి ఉన్నాయి. కాపలాకి ప్రియ నిలబడి ఉంది. ముసలాయన వంగి చూశాడు. సన్నతాడు, లావుతాడు, మధ్యలో ముడి. ఆయన మొహం వెలిగిపోయింది.

"అమ్మాయ్, ఇది మన ముడే!"

"అవునండి తాతయ్యా" అంది ప్రియ.

"మా దుర్గ వేసిందేనా?"

నిజానికి అది వేరే అబ్బాయి వేసిన ముడి. కానీ ఆ ముసలి కళ్లలోకి చూస్తూ కాదనడానికి ప్రియకి నోరు రాలేదు. నవ్వి ఊరుకుంది. వెంకటరత్నం ఇంకాస్త వంగాడు. వెంటనే ఆ వెలుగు పోయింది. ముడి పక్కన జానెడు కొస వేలాడుతోంది.

"ఇదేంటి! కొస వదిలేసింది? ఇంతమంది వచ్చి చూస్తారే, పేరాల పరువేం కాను?" అని అటూ ఇటూ చూశాడు. ప్రియ నడుముకి చిన్న కత్తి తాడుతో వేలాడుతోంది. "ఏమ్మా, ఆ చాకు ఒకసారి ఇస్తావా?"

పెద్దాయన, స్నేహితురాలి తాత, అడిగాడు. యాపిల్ కోసుకుంటాడేమో అనుకుంది తెనాలి పిల్ల. చాకు విప్పి చేతికిచ్చి, అటునుంచి ఎవరో పిలిస్తే పలికింది. తిరిగి చూసేసరికి పని అయిపోయింది. ముడి మొదలంటా, శుభ్రంగా.

ఓడ జెట్టీ వైపు తిరిగింది. నాగదుర్గ తాతని వెతుక్కుంటూ ముందు డెక్కు మీదకి వచ్చింది. కుటుంబాలు నిలబడేచోట, అడ్డం కట్టిన తాడు వెనక ఆయన దర్జాగా నిలబడి ఉన్నాడు. వేళ్ల మధ్య ఏదో నలుపుతున్నాడు. తెల్లటి తాడు ముక్క, జానెడు.

"తాతయ్యా, అదెక్కడిది?"

"నువ్వు మరిచిపోయిన పని నేను చేశాలే. ఎవరికీ చెప్పను" అని రహస్యంగా కన్ను గీటాడు.

నాగదుర్గకి చిలికా గాలి చెవిలో వినిపించింది. ముడి దగ్గరికి పోయి కట్టకూడదు, ముట్టుకోవద్దని చీఫ్ ఆజ్ఞ. చెబితే ప్రియకి తిట్లు, తాతకి ఇంతమందిలో తలవంపు, తనకి ఇక జన్మలో ఆ ముడి దక్కదు. చెప్పకపోతే అందరి ముందూ తాడు ఊడి నీళ్లలో పడుతుంది, జెట్టీ మీదవాళ్లు ఒట్టి సన్నతాడు పట్టుకుని మిగులుతారు. మాట మింగుతూ నిలబడటానికి వ్యవధి లేదు. పరుగెత్తింది.

"సార్, ముడి కొస కోసేశారు సార్."

లాజరు ముడి చూశాడు. ఆమెని చూశాడు. "మళ్లీనా!"

"నేను కాదు సార్. మా తాతయ్య."

లాజరు అడ్డుతాడు వెనక నిలబడ్డ ముసలాయన్ని చూశాడు. ఆయన వినయంగా నమస్కారం పెట్టాడు.

"మీది కత్తెర వంశమా ఏంటమ్మా? చాకు ఎవరిచ్చారు?"

ప్రియ సముద్రం వైపు దీక్షగా చూస్తోంది. లేని డాల్ఫిన్లు ఇప్పుడు ఆమెకి కూడా కనిపిస్తున్నాయి.

జెట్టీ దగ్గరవుతోంది. పైనుంచి మైకులో ఏదో ఆజ్ఞ వినిపించింది. ఆ ముడి వేసిన అబ్బాయి విసిరే తాడు చేతిలో చుట్టుకుని అంచున నిలబడి ఉన్నాడు, కదలడానికి లేదు. లాజరు ఒక్క క్షణం ఆలోచించి, "కట్టు" అన్నాడు.

"నేనా సార్?"

"మీ తాతని పిలవమంటావా? కట్టు. కొస ఎంత వదలాలో నువ్వే చెప్పు."

"జానెడు సార్."

"మూరెడు వదులు. మీ తాత ఇంకా చాకు తిరిగి ఇవ్వలేదు."

నాగదుర్గ మోకాళ్ల మీద కూర్చుంది. పాత ముడి విప్పింది, లావుతాడు మడత చేతికి తీసుకుంది. మిగతాది చేతివేళ్లే చేసుకున్నాయి. మూరెడు కొస ముడి పక్కన పిల్లి తోకలా వేలాడింది. అడ్డుతాడు వెనకనుంచి, "కొస! దుర్గా, కొస!" అని తాత గొంతు. పుట్టి బుద్ధెరిగాక ఆయన మాట వినకపోవడం అదే మొదలు. తల తిప్పలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆ ఇల్లు వెంటపడి రచ్చకే వస్తే ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు.

సన్నతాడు గాలిలో లేచి జెట్టీ మీద పడింది. అక్కడివాళ్లు అందుకుని లాగారు. లావుతాడు ఓడ అంచు దాటి, కొండచిలువలా నీళ్లలోకి దిగి బరువెక్కింది. ముడి బిగుసుకుంది. ముడి కొసని కొంచెం తింది, ఇంకొంచెం తింది, ఆగింది. లావుతాడు జెట్టీ ఎక్కింది, గుంజకి తగులుకుంది. ఓడ నిలిచింది. కుటుంబాలన్నీ చప్పట్లు కొట్టాయి. ఎందుకు కొడుతున్నారో వాళ్లకి తెలియదు. తెలిసింది ముగ్గురికే.

అందరూ దిగాక లాజరు వెంకటరత్నాన్ని జెట్టీ మీదే ఆపాడు. విప్పకుండా ఉంచిన ఆ ముడి చూపించి, "తాతగారూ, ఈ కొస ఇందాక ఎంతుంది?" అన్నాడు.

"మూరెడు ఉందండి. సిగ్గుచేటు."

"ఇప్పుడు?"

వెంకటరత్నం గొంతుకూర్చున్నాడు. బెత్తెడు. మిగతాది ముడిలోకి పోయింది. తడిసిన తాడుని బొటనవేలితో నిమిరాడు. సాగింది, జారింది. చాలాసేపు నిమిరాడు. ఎన్ని లక్షల పోగులు పట్టిన వేలో అది!

"దీనికి గంజి లేదే!" అన్నాడు, దొంగ దొరికినట్టు. "మా నూలుకి గంజి పెడతామండి. ముడి పడితే అంటుకుపోయి కదలదు. ఇది పాములా జారుతోంది. దీనికి కొస వదలకపోతే ఎట్టా?"

"అదేనండి నేను మీ మనవరాలికి చెప్పింది."

"మరి ఈ తాడుకి గంజి పెట్టొచ్చుగా?"

"ఉప్పునీళ్లలో గంజి నిలవదు తాతగారూ."

"అదీ నిజమే" అని ముసలాయన లేచాడు. జేబులోంచి చాకు తీసి, పిడి అటు తిప్పి ప్రియకి ఇచ్చాడు. తాడు ముక్క మాత్రం ఇవ్వలేదు. తర్వాత లాజరు దగ్గరగా జరిగి, "రోజూ ఓడ కట్టేది మా అమ్మాయేనంట కదండీ?" అన్నాడు.

నాగదుర్గ తన బూట్ల వైపు చూసుకుంది. లాజరు గొంతు సవరించుకున్నాడు.

"ఇవాళ చూశారు కదండీ. కట్టకపోతే ఆగేది కాదు."

వాళ్లు వెళ్లాక లాజరు ప్రియ చేత డెక్కంతా కడిగించాడు, చాకు అప్పివ్వకూడదని. నాగదుర్గతో మాత్రం, "రేపటినుంచి ముందు డెక్కు మీదకి రా, కత్తెరా" అన్నాడు. పేరు మార్చలేదు. ఇప్పటికీ మార్చలేదు. కానీ ఆ ఓడ ఏ రేవుకి చేరినా, ఆ ముడి వేసేది పేరాల పిల్లే. ఈపురుపాలెం వాళ్లు కూడా రాసుకోవచ్చు.

వెంకటరత్నం ఆ తాడు ముక్క చొక్కా జేబులో పెట్టుకుని టీ కొట్టులో చేతులు మార్చి చూపించాడు. "ఓడ కొస ఇది. కోసింది నేను. కొంప మునగకుండా కాపాడింది మా దుర్గ. ఇద్దరం లేకపోతే ఆ రోజు ఏమీ జరిగేది కాదు" అన్నాడు. ఆ లెక్క ఎవరికీ సరిగా అర్థం కాలేదు కానీ అందరూ టీ తాగారు.

ఆ వారంలోనే మగ్గం మీద ఒక పోగు తెగింది. ముడి వేశాడు. కొస కొరకడానికి నోటిదాకా తీసుకొచ్చి, ఎందుకో ఆగాడు. పక్కన కండెలు చుట్టుకుంటున్న శేషారత్నం తలెత్తి చూసింది.

"కొరుకు, కొరుకు. అది చీర. ఓడ కాదు" అంది.